పేషెంటు తాలూకు ఎవరు అని అడిగితే ఏం చెప్పాలి?

రమాదేవి (సికింద్రాబాద్)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మేం నలుగురం ఆదివారం పొద్దున్నే ఒక ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లకు కట్లు కడతాం. డాక్టర్లం కాదు. మాలో ఒకావిడ రిటైరైన నర్సు, పుండు కడగడం ఆవిడే నేర్పింది. సెలైన్ సీసాలు, గాజు గుడ్డ, బెటాడిన్, గ్లవ్స్, షుగర్ మిషను, బీపీ మిషను, ఇవీ మా సంచిలో ఉండేవి.

అక్కడ ఒక తాత ఉంటాడు. డెబ్బై దాటి ఉంటాయి. తోపుడు బండి మీద అట్టపెట్టెలు ఏరుకొచ్చి అమ్ముకుంటాడు. నెల కిందట కుంటుతూ కనిపిస్తే కూర్చోబెట్టి, కాలికి చుట్టిన లుంగీ ముక్క విప్పాం. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత పుండు. లోపల పురుగులు కదులుతున్నాయి. "నొప్పి లేదమ్మా, వాసనే వస్తోంది" అన్నాడు. షుగర్ చూస్తే 400 దాటింది.

108కి ఫోన్ చేశాం. వచ్చిన అబ్బాయిలు ముఖం చిట్లించకుండా ఎత్తి పడుకోబెట్టారు, ఆ మాట చెప్పాలి. ఆసుపత్రికి వెళ్లాక అందరూ అడిగింది ఒకటే. పేషెంటు తాలూకు ఎవరు? ఎవరూ లేరంటే, తెచ్చింది మీరే కదా సంతకం పెట్టండి అన్నారు. పెట్టాను. రక్తం ల్యాబుకి ఇచ్చి రావడం, ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోయడం అన్నీ నేనే. రాత్రయ్యాక ఇంటికి వచ్చాను. మళ్లీ ఆరో రోజుకి గానీ వెళ్లడం కుదరలేదు. వెళ్లేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

తాత ఫ్లైఓవర్ కిందే దొరికాడు. డిశ్చార్జ్ చీటీ చూపించాడు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్, కుడికాలు నేలకు ఆనించకూడదు, రెండు పూటలా ఇన్సులిన్, పది రోజులకు ఓపీకి రావాలి. వానకు తడిసి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఇన్సులిన్ సీసా చొక్కా జేబులో ఉంది, సూదులు లేవు.

వైద్యానికి ఒక్క రూపాయి అడగలేదు. చేసిన వైద్యం కూడా మంచిదే, పుండు శుభ్రమైంది. కానీ ఆ చీటీలో రాసిన ఒక్క మాటయినా ఫుట్‌పాత్ మీద కుదురుతుందా? ఇలాంటి మనిషిని డిశ్చార్జ్ చేసిన రోజు రాత్రి ఎక్కడికి తీసుకెళ్లాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

మణి, స్టాఫ్ నర్సు
ఆదివారం, రాత్రి 11:15

రమాదేవి గారూ, మీరు ఎవరినీ తిట్టకుండా రాశారు కాబట్టి నేనూ దాచుకోకుండా చెబుతాను. పద్నాలుగేళ్లుగా ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తున్నాను. ఏ ఊరో రాయను.

రాత్రి డ్యూటీలో నలభై మంచాల వార్డుకు ఇద్దరం ఉంటాం. మాకు పేషెంటు తాలూకు మనిషి అంటే సంతకం పెట్టే మనిషి ఒక్కటే కాదు. బెడ్‌పాన్ పెట్టేది, అన్నం తినిపించేది, సెలైన్ అయిపోతే కేకేసేది, ఫలానా మందు స్టోర్లో లేదంటే పరిగెత్తేది ఆ మనిషే. ఆ మనిషి లేకపోతే ఈ పనులన్నీ ఆగిపోతాయి. పక్క మంచం వాళ్ల అమ్మను బతిమాలి ఇలాంటి పేషెంటుకు నాలుగు ముద్దలు పెట్టించిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ఆ అమ్మ డిశ్చార్జ్ అయి వెళ్లిపోయాక మళ్లీ మొదటికే.

మీకు పనికొచ్చేది ఒకటి చెబుతాను. చేర్చేటప్పుడే కేసు షీటులో "ఫుట్‌పాత్ మీద ఉంటాడు, ఎవరూ లేరు" అని రాయించండి. రౌండ్స్‌లో డిశ్చార్జ్ రాసే డాక్టరుకు పుండు కనిపిస్తుంది గానీ, ఆ మనిషి ఏ గడపకు వెళ్తాడో తెలియదు. షీటు మీద ఉంటే కనీసం అడుగుతారు. రెండోది, పగటిపూట ఆర్ఎంఓ గారిని, అంటే ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసరును కలవండి. రాత్రి క్యాజువాల్టీలో ఎంత గొడవ చేసినా అక్కడున్నవాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

మందుల షాపు శ్రీధర్
సోమవారం, ఉదయం 8:05

నేను చెప్పేది కొందరికి నచ్చకపోవచ్చు. మా షాపు ఎదురుగా పదిహేను మంది దాకా పడుకుంటారు. ఎవరో దయగల వాళ్లు వచ్చి మందులు ఇచ్చి వెళ్తారు. మర్నాడు అదే మాత్రల షీట్ నా దగ్గరికి తెచ్చి, "అన్నా, ఇరవై రూపాయలు ఇవ్వు" అంటారు. ఒకతన్ని నేనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చేశాడు, చేర్చుకుంటామంటే వద్దన్నాడట. వాళ్లే వద్దంటే మనం ఏం చేయగలం? విసుగుతో కాదు, నిజంగా అడుగుతున్నాను.

జయ (కుట్టుపని)
సోమవారం, మధ్యాహ్నం 2:30

శ్రీధర్ అన్నా, నేను చెప్తాను. మా ఆయన పోయాక బిడ్డతో రెండేళ్లు బస్టాండులో ఉన్నా. ఇప్పుడు కిరాయి రూములో ఉంటున్నా, బట్టలు కుడతా.

ఆసుపత్రికి పోవాలంటే మొదట సంచి ఎవరికి అప్పజెప్పాలన్నది చూసుకోవాలె. నా బతుకంతా ఆ సంచిలోనే. రెండు చీరలు, గిన్నె, బిడ్డ బర్త్ సర్టిఫికెట్. పొద్దున పోతే వచ్చేసరికి సంచి ఉండదు, పడుకునే జాగా కూడా ఇంకొకరిది అయిపోతది. లైన్లో నిలబడితే పక్కనోళ్లు ముక్కు మూసుకుని జరుగుతరు. స్నానం చేసి నాలుగు రోజులైంది మరి. స్నానానికి, దొడ్డికి, బట్టలు ఉతుక్కోడానికి అన్నిటికీ డబ్బులే. ఒకసారి డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని కూడా వాసన వస్తదేమోనని సగం మాటలు మింగేసి లేచొచ్చిన.

మందులు అమ్మింది నేను కూడా ఒకసారి. బిడ్డకు పాలకు. ఆ ఇరవై రూపాయలు దేనికని ఒక్కసారి అడిగి చూడన్నా.

మందుల షాపు శ్రీధర్
సోమవారం, రాత్రి 9:50

జయమ్మా, చదివాను. రేపే అడుగుతాను.

డాక్టర్ కిరణ్ (జనరల్ మెడిసిన్ పీజీ)
మంగళవారం, తెల్లవారుజామున 1:20

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. జయ గారి మాటలు చదివాక మా తప్పు కూడా చెప్పాలనిపించింది. మేం రాసే మందులన్నీ ఇల్లు ఉన్న మనిషికి.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు నీరు తీసే మాత్ర రాస్తాం. అది వేసుకుంటే గంటలో రెండు మూడుసార్లు పోవాలి. టాయిలెట్ లేని ఆడమనిషి ఆ మాత్ర మానేస్తుంది, ఊపిరాడక మళ్లీ మా దగ్గరికే వస్తుంది. మేమేమో షీటులో "మందులు సరిగ్గా వాడలేదు" అని రాస్తాం. మానసిక సమస్యకు ఇచ్చే కొన్ని మాత్రలు గాఢనిద్ర తెప్పిస్తాయి. ఫుట్‌పాత్ మీద ఒంటరి స్త్రీకి గాఢనిద్ర అంటే ఎంత భయమో చదువుకునే రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. ఒక పేషెంటే చెప్పింది.

రమాదేవి గారూ, మీ తాతకు ఇన్సులిన్ విషయంలో జాగ్రత్త. తెరిచిన సీసా మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. ఎండలో చొక్కా జేబులో ఉంటే పాడవుతుంది. కొత్త కుండలో కాస్త తడి ఇసుక పోసి, సీసాను కవర్లో చుట్టి అందులో పెట్టి, తడిగుడ్డ కప్పితే చల్లగానే ఉంటుంది. అంతకంటే ముఖ్యం తిండి. అన్నం దొరకని పూట ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది, చెమటలు పట్టి మాట తడబడుతుంది. రోడ్డు మీద ఆ స్థితిలో ఉంటే తాగి పడ్డాడనుకుని దాటుకుంటూ పోతారు. అలా వచ్చిన ఒకాయనకు గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నాడు. కాబట్టి, ముందు ముద్ద, తర్వాత సూది. 5 రూపాయల భోజనం క్యాంటీన్ ఎంత దూరంలో ఉందో చూసి దాన్నిబట్టి టైము పెట్టండి. పుండు మానాక మాత్రలకు మార్చడం వీలవుతుందేమో ఓపీలో తప్పకుండా అడగండి.

పురుగులు మళ్లీ కనబడితే మీరు లాగకండి, తీసుకురండి.

అడ్వకేట్ సుభాషిణి
మంగళవారం, ఉదయం 10:10

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. అవసరమైనప్పుడు ధైర్యంగా చెప్పడానికి పనికొస్తాయి.

ప్రాణాపాయంలో ఉన్న మనిషిని ఏ ఆసుపత్రీ కాగితాల కోసం ఆపకూడదు. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది, ప్రైవేటు డాక్టర్లకూ వర్తిస్తుంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 గురించి చాలామందికి తెలియదు. మతిస్థిమితం లేక వీధుల్లో తిరిగే మనిషి కనబడితే స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి. లాకప్పులో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే మిస్సింగ్ కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతికే బాధ్యత కూడా స్టేషన్‌దే. ఇదంతా సెక్షన్ 100. అదే చట్టంలో సెక్షన్ 18 ప్రకారం ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో చికిత్స ఉచితం, రేషన్ కార్డు ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. మా దగ్గర ఒక ఎస్ఐ గారికి ఈ సెక్షన్ కాగితం మీద చూపిస్తే, ఆయనే జీపు పంపారు. ఎదురు తిరగడం కంటే చూపించడమే పని చేసింది.

ఆరోగ్యశ్రీ దగ్గర మాత్రం చిక్కు ఉంది. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, సంతోషమే. కానీ ఆ తలుపు రేషన్ కార్డుతో తెరుచుకుంటుంది. కార్డుకు చిరునామా కావాలి. ఫ్లైఓవర్‌కు డోర్ నంబరు ఉండదు కదా.

ఇక రమాదేవి గారు అడిగిన రాత్రి సంగతి. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల ప్రకారం పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు, ఇల్లు లేనివాళ్ల కోసం నూరు మంది పట్టే ఒక శాశ్వత షెల్టర్ ఉండాలి, అది 24 గంటలూ తెరిచి ఉండాలి. ఆ మార్గదర్శకాల్లోనే వృద్ధులు, మానసిక రోగులు, కోలుకుంటున్న రోగుల కోసం ప్రత్యేక షెల్టర్లు పెట్టవచ్చని ఉంది. "కోలుకుంటున్న రోగులు" అన్న మాట అక్కడ ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి మీ సంచిలో పెట్టుకోండి.

అప్పలనాయుడు (షెల్టర్ మేనేజర్, ఉత్తరాంధ్ర)
మంగళవారం, రాత్రి 10:30

సుభాషిణి గారు చెప్పింది నిజమే అండి. రూలులో 24 గంటలని ఉంది. చాలాచోట్ల జరిగేది మాత్రం రాత్రి పడక, పొద్దున్న సంచి సర్దుకుని బయటకు. కాపలా మనిషి ఒక్కడే ఉంటే పగలు తెరిచి ఉంచడం ఎలాగ? మా దగ్గర పగలు ముగ్గురు నలుగురికి ఉండనిస్తాం, జ్వరం ఉన్నోళ్లకి, ఆపరేషన్ అయినోళ్లకి.

ఆసుపత్రుల వాళ్లు మా గేటు దగ్గర పేషెంటును దించి వెళ్లిపోవడం కూడా జరుగుతోంది. మూత్రం గొట్టంతో ఒకాయన్ని అలాగే వదిలేశారు. మాకు నర్సు లేదు, గొట్టం ఎప్పుడు మార్చాలో తెలీదు. మంచం ఇవ్వగలం, అన్నం పెట్టగలం. వైద్యం కూడా మేమే చేయాలంటే కుదరదండి. వారానికి రెండుసార్లు ఒక నర్సమ్మ వచ్చి పోతే చాలు, సగం మంది ఆసుపత్రికి వెనక్కి వెళ్లాల్సిన పని ఉండదు.

మా షెల్టర్‌లో బాగా కుదిరింది టీబీ మందులు. ఆరు నెలల కోర్సు. రోడ్డు మీద ఉన్న మనిషి రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తాడు. ఒక కుర్రాడికి మేం ఏం చేశామంటే, మందుల డబ్బా ఆఫీసు బీరువాలో పెట్టి, రోజూ టిఫిన్ టైములో నా ఎదురుగానే వేయించాం. టీబీ ఉన్నవాళ్ల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి, 2024 నవంబరు నుంచి 500ను వెయ్యి చేశారు. అయితే అవి బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతాకి ఆధార్ కావాలి. గుర్తింపు పొందిన షెల్టర్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆధార్ తీయించవచ్చు, దానికి ఫారం ఉంది. ఇది చాలామంది షెల్టర్ వాళ్లకే తెలీదు. ఆ కుర్రాడు కోర్సు పూర్తి చేశాడండి. చివరి మాత్ర రోజు వాడే మా అందరికీ టీ ఇప్పించాడు.

లక్ష్మీప్రసన్న (బోస్టన్)
బుధవారం, ఉదయం 6:45

నేను ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. నాయుడు గారి మాట చదివి రాయాలనిపించింది. ఆయన అడుగుతున్న ఏర్పాటు ఈ ఊళ్లో ఉంది.

1985లో ఇళ్లు లేనివాళ్ల కోసం ఇక్కడ ఒక వైద్య కార్యక్రమం మొదలైంది. జిమ్ ఓకానెల్ అని ఒక యువ డాక్టరు చేరారు. షెల్టర్లోని నర్సులు ఆయన్ని స్టెతస్కోపు పక్కన పెట్టమని, ముందు వచ్చినవాళ్ల కాళ్లు కడగమని కూర్చోబెట్టారు. వేడినీళ్ల టబ్బులో కాళ్లు పెట్టించి వాళ్ల ముందు నేల మీద కూర్చునేవారట. రోజంతా నడిచిన మనిషికి అంతకంటే సుఖం లేదు. అలా కూర్చుంటేనే వాళ్లు జబ్బు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆ నర్సుల్లో ఒకరైన బార్బరా మెకిన్నిస్ పేరు మీద ఇప్పుడు వందకు పైగా పడకల ఇల్లు నడుస్తోంది. ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు లేదు, రోడ్డు మీద తగ్గే జబ్బూ కాదు, అలాంటివాళ్లను అక్కడ ఉంచుతారు.

ఇక్కడ డబ్బుంది కాబట్టి కుదిరింది అనకండి. చలికాలం రాత్రి ఈ దేశంలోనూ రోడ్ల మీద మనుషులు పడుకునే ఉంటారు. నాకు మాత్రం ఆ కాళ్లు కడగడం గుర్తుండిపోయింది. దానికి ఒక టబ్బు, వేడినీళ్లు చాలు కదా. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, ముందు మీ మోచేతితో చూసుకోండి. పుండు ఉన్న కాలు నానబెట్టకూడదు.

మందుల షాపు శ్రీధర్
గురువారం, రాత్రి 10:15

అడిగాను. షీట్ అమ్మిన అతని పేరు కూడా ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఆ రోజు ఇరవై రూపాయలు స్నానానికీ, గడ్డం గీయించుకోవడానికీ అట. మేస్త్రీ శుభ్రంగా లేకపోతే పనికి పిలవడని చెప్పాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మనిషిని కూడా అడిగాను. అతనికి ఒక కుక్క ఉంది. చేరితే దానికి అన్నం ఎవరు పెడతారని వచ్చేశాడు. పదకొండేళ్లుగా ఎదురెదురుగా ఉన్నాం, నేను ఒక్కసారీ అడగలేదు.

రమాదేవి గారూ, మా షాపులో ఫ్రిజ్ ఉంది. మీ తాత ఉన్నచోటికి మా షాపు దగ్గరైతే సీసా నా దగ్గరే పెట్టొచ్చు. పొద్దున ఎనిమిదికి షాపు తీస్తాను, రాత్రి పదిదాకా ఉంటాను.

రమాదేవి (సికింద్రాబాద్)
ఆదివారం, మధ్యాహ్నం 12:20

శ్రీధర్ గారూ, మీ షాపు ఎక్కడో నాకు మెసేజ్ పెట్టండి. మీరు రాసింది మావాళ్లందరికీ చదివి వినిపించాను.

ఈ వారం జరిగింది చెబుతాను. తాతను షెల్టర్‌కు రమ్మంటే ససేమిరా అన్నాడు. జయ అడగమన్నట్టే, "వస్తే ఏం పోతుంది తాతా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బండి వైపు చూపించాడు. బండి అద్దెది కాదు, సొంతం. పోయినసారి ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ దాన్ని ఎవరో వాడుకుని చక్రం వంచేశారట. అందుకే డిశ్చార్జ్ అనగానే ఒక్కసారి కూడా అడక్కుండా బయటపడ్డాడు. మేమేమో ఆసుపత్రి వాళ్లు పంపేశారనుకున్నాం. అందులో ఇద్దరి పాత్రా ఉంది, వాళ్లదీ తాతదీ.

షెల్టర్ మేనేజర్‌ను కలిశాను. సుభాషిణి గారు చెప్పిన పేజీ చూపించాను. ఆయన చదివి, ఆర్ఎంఓ గారి లెటర్ తెస్తే పదిహేను రోజులు పగలు కూడా ఉండనిస్తానన్నారు. మణి గారు చెప్పినట్టు పగటిపూట వెళ్తే లెటర్ దొరికింది, నలభై నిమిషాలు కూర్చున్నాను అంతే. బండి షెల్టర్ ఆవరణలో కిటికీ ఊచకు గొలుసుతో కట్టి తాళం వేశాం. తాళంచెవి తాత మొలతాడుకు కట్టుకున్నాడు. అప్పుడు వచ్చాడు.

డ్రెస్సింగుకు మాత్రం మేమే వంతులు వేసుకున్నాం. పుండు గులాబీ రంగుకు తిరిగింది. షుగర్ ఇవాళ 210. పదిహేను రోజుల తర్వాత ఏమిటన్నది నాకింకా తెలియదు. వృద్ధాప్య పింఛనుకు ఆధార్ కావాలి, నాయుడు గారు చెప్పిన ఫారం మా మేనేజరుకు చూపించాలి.

అప్పలనాయుడు (షెల్టర్ మేనేజర్, ఉత్తరాంధ్ర)
ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఆ ఫారం నింపినది ఒకటి పేరు చెరిపేసి మీకు పంపుతాను. ఫొటో మీద అధికారి సంతకం, సీలు సగం పడేలా ఉండాలి, అది మర్చిపోతే తిప్పి పంపేస్తారు.

డాక్టర్ కిరణ్ (జనరల్ మెడిసిన్ పీజీ)
ఆదివారం, సాయంత్రం 4:40

210 బాగుంది. పుండు మానినా పాదానికి స్పర్శ తిరిగి రాదు, మళ్లీ గుచ్చుకున్నా తెలియదు. హవాయి చెప్పులు వద్దు. ఎంసీఆర్ చెప్పులు కావాలి, మెత్తటి రబ్బరువి, వెనక పట్టీ ఉండేవి. రోజూ రాత్రి పాదం కింద ఎవరో ఒకరు చూడాలి.

రమాదేవి (సికింద్రాబాద్)
ఆదివారం, సాయంత్రం 6:00

సైజు 8. కుడికాలికి కట్టు ఉంది కాబట్టి అది ఒక సైజు పెద్దది కావాలి. ఎక్కడ దొరుకుతాయి?

జయ (కుట్టుపని)
ఆదివారం, రాత్రి 8:20

అక్కా, 9 సైజు జత తీసుకోండి. ఎడమదానికి పట్టీ నేను లోపలికి కుట్టి బిగిస్తా. బుధవారం నాకు పని తక్కువ, షెల్టర్ కాడికే వస్తా.